కొత్త రైఫిల్, వదులైన స్క్రూలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పొలాల్లో కాయోటీల (నక్కని పోలిన అమెరికా అడవి జంతువులు) బెడద గురించి పోయిన సంచికలో నాలుగు మాటలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే ప్రశ్న, రైఫిల్ ఏది కొనాలి, స్కోపు (గురి చూడటానికి రైఫిల్ మీద బిగించే దుర్భిణి) ఎలా పెట్టుకోవాలి అని. అమెరికాలో పంటల్నీ పశువుల్నీ పాడుచేసే ఇలాంటి చిన్న జంతువుల్ని వార్మింట్ అంటారు, దూరం నుంచి వాటిని గురి తప్పకుండా కొట్టడానికి చేసిందే వార్మింట్ రైఫిల్. కొన్ని ఉత్తరాలు కుదించి ఇస్తున్నాను, పేర్లు వేయడం లేదు.

నమస్తే అన్నా. డల్లాస్‌కి గంటన్నర దూరంలో ఇరవై ఎకరాలు కొని రెండేళ్ళయింది. మేకలు, కోళ్ళు పెంచుతున్నాం. ఈ చలికాలం కాయోటీలు మూడు మేకపిల్లల్ని పట్టుకుపోయాయి. కంచె బాగుచేశాం, కాపలా కుక్కని తెచ్చాం, అయినా ఆగడం లేదు. నాకు పౌరసత్వం ఉంది కానీ జీవితంలో తుపాకీ ముట్టుకోలేదు. షాపుల్లో ఒకరు .22-250 అంటారు, ఒకరు .243 అంటారు, ఇంకొకరు .223 చాలంటారు. స్కోపుతో కలిపి 1,500 డాలర్లు పెట్టగలను. ఏం కొనమంటారు? (టెక్సస్)

.223 రెమింగ్టన్ కొనండి. ఈ అంకెలన్నీ రైఫిల్‌లో పట్టే తూటా రకాల పేర్లు. మిగతావి మంచివి కావని కాదు. .22-250లో 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువుకి కొలత) బుల్లెట్ సెకనుకు దాదాపు 3,680 అడుగుల వేగంతో వెళ్తుంది, .223లో అదే బుల్లెట్ 3,240 దగ్గర ఉంటుంది, కాబట్టి దూరం పెరిగేకొద్దీ మొదటిదే మేలు. కానీ దాని మోత ఎక్కువ, బ్యారెల్ త్వరగా అరుగుతుంది, తూటాల ఖర్చూ ఎక్కువే. .243 భుజాన్ని ఇంకొంచెం గట్టిగా తంతుంది. తుపాకీ పట్టడం కొత్త అయినవాళ్ళకి తన్నే రైఫిల్ ఇస్తే ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసుకోవడం అలవాటవుతుంది, ఒకసారి అంటుకున్నాక ఆ అలవాటు వదిలించుకోవడం చాలా కష్టం. మీ పొలంలో ఈ చివర నుంచి ఆ చివరకి రెండు మూడు వందల గజాలకి మించి చూసి కొట్టే అవసరం రాదు. ఆ దూరానికి .223 చాలు, మిగిలిన డబ్బుతో సాధన చేయడానికి తూటాలు వస్తాయి. మీకు ఇప్పుడు కావలసింది అదే.

బోల్ట్ యాక్షన్ తీసుకోండి, అంటే ప్రతి గుండుకీ చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించే రైఫిల్. బ్యారెల్ దగ్గర మాత్రం కాస్త ఆలోచించాలి. వార్మింట్ రైఫిల్ అనగానే షాపువాళ్ళు లావు బ్యారెల్ చూపిస్తారు. అది వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది, వరసగా కాల్చినా గురి పెద్దగా జరగదు, అందుకే ఒకేచోట కూర్చుని రోజంతా ప్రెయిరీ డాగ్‌లను (బొరియల్లో ఉండే ఉడత జాతి జంతువులు) కొట్టేవాళ్ళకి అది తప్పనిసరి. కానీ స్కోపుతో కలిపి తొమ్మిది పది పౌండ్ల దాకా తూగుతుంది. పొలం గట్టున దేనికైనా ఆనించి కాలుస్తానంటే లావు బ్యారెల్ హాయిగా ఉంటుంది. తుపాకీ మోసుకుని కంచె వెంట తిరుగుతానంటే మామూలు బ్యారెలే మంచిది, కాయోటీ మీద ఎలాగూ ఒకటి రెండు గుండ్లకి మించి కాల్చే అవకాశం రాదు.

బ్యారెల్ మీద 1:9 అనో 1:12 అనో చెక్కి ఉంటుంది, అది లోపలి గాడి ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుందో చెప్పే లెక్క. 1:12 అయితే 40 నుంచి 55 గ్రెయిన్ల తేలికపాటి బుల్లెట్లకి సరిపోతుంది, 1:9 అయితే ఇంకొంచెం బరువైనవాటినీ స్థిరంగా తిప్పుతుంది. మీకు 1:9 బాగుంటుంది.

ఇంకొకటి, ఇది మర్చిపోవద్దు. .223 తూటా, 5.56 నాటో తూటా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 5.56 ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) .223 కాల్చవచ్చు, కానీ బ్యారెల్ మీద .223 అని మాత్రమే రాసి ఉంటే అందులో 5.56 పెట్టకూడదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరగవచ్చు. పెట్టె మీద ఏం రాసుందో చదివి కొనండి, ఎవరో డబ్బాలో పోసి ఇచ్చినవి తీసుకోవద్దు.

డబ్బు విషయానికొస్తే, సగం రైఫిల్‌కి, మూడోవంతు స్కోపుకి, మిగతాది రింగులకి (స్కోపుని రైఫిల్ మీద పట్టి ఉంచేవి), చెవి మఫ్‌లకి, తూటాలకి పెట్టుకోండి. మొత్తం రైఫిల్ మీదే పెట్టి చివర్లో దొరికిన చవక స్కోపు తగిలించడం అందరూ చేసే తప్పు. టెక్సస్‌లో మీ జంతువుల మీద పడుతున్న కాయోటీల్ని కొట్టడానికి వేట లైసెన్సు అక్కర్లేదు, మిగతా వేటకి కావాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు అక్కడ వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలన్నది నియమం. మీ విషయంలో కావాలా వద్దా అని లెక్కలు చూడకండి, తుపాకీ ఎప్పుడూ ముట్టుకోలేదన్నారు కాబట్టి రైఫిల్ కొనే ముందే ఆ కోర్సు చేయండి.

ప్రెయిరీ డాగ్‌ల కోసం .204 రూగర్ తీసుకున్నాను. స్కోపు 4-16 తీసుకోవాలా, 6-24 తీసుకోవాలా? ఎంత పెద్దగా కనిపిస్తే అంత మంచిదే కదా? (కాన్సస్)

కాదండి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ మైదానాల్లో నేల మీద నుంచి వేడిగాలి పైకి లేస్తుంటుంది, జూమ్ 20 రెట్లు దాటించి చూస్తే జంతువు నీళ్ళలో ఉన్నట్టు వణుకుతూ కనిపిస్తుంది. పెద్దగా చూపించే కొద్దీ మీ చేతి వణుకూ పెద్దదవుతుంది, చూసే మేర చిన్నదవుతుంది, ఒక్కోసారి జంతువును స్కోపులో వెతుక్కోవడమే పనైపోతుంది. కూర్చున్నచోట నుంచి కదలకుండా 300 గజాలు దాటి కొడతానంటే 6-24 తీసుకోండి, ఎక్కువసేపు 14, 16 మీదే పెట్టి వాడతారని మాత్రం ముందే తెలుసుకోండి. నేనైతే అదే డబ్బుకి అద్దాలు ఇంకా బాగున్న 4-16 కొంటాను.

ఏది కొన్నా పారలాక్స్ సరిచేసుకునే నాబ్ ఉండాలి. అది లేకపోతే కన్ను కొద్దిగా పక్కకి జరిగినా ప్లస్ గీత లక్ష్యం మీద నుంచి జరిగినట్టు కనిపిస్తుంది. జింక మీద అది లెక్కలోకి రాకపోవచ్చు, అరచేతి వెడల్పు ఉండే ప్రెయిరీ డాగ్ మీద తప్పకుండా వస్తుంది. గీత కింద చిన్న చిన్న గుర్తులు ఉన్న స్కోపు అయితే అది ఫస్ట్ ఫోకల్ ప్లేనా సెకండ్ ఫోకల్ ప్లేనా అని అడగండి. సెకండ్ అయితే ఆ గుర్తుల లెక్క ఒక్క జూమ్ దగ్గరే సరిపోతుంది, సాధారణంగా అది అన్నిటికంటే ఎక్కువ జూమ్ దగ్గర.

ఆరు నెలల కింద కొత్త రైఫిల్, స్కోపు కలిపి కొన్నాను. షాపులోనే బిగించి ఇచ్చారు. ఒక వారం 100 గజాల దగ్గర అంగుళంలో మూడు పడతాయి, తర్వాతి వారం అదే తూటాలు నాలుగు అంగుళాలు ఎడమకి పోతాయి. మళ్ళీ సరిచేస్తాను, మళ్ళీ పోతుంది. రైఫిల్ మార్చేయమని స్నేహితులంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది, డబ్బంతా పోయినట్టేనా? (ఒహాయో)

డబ్బు పోలేదు, రైఫిల్ మార్చకండి. స్కోపు విప్పేసి మొదటి నుంచి మళ్ళీ బిగించండి. నా మొదటి రైఫిల్‌కీ సరిగ్గా ఇదే జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. షాపు కౌంటర్ దగ్గరే ఐదు నిమిషాల్లో స్కోపు పెట్టి ఇచ్చారు, నేను సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను. ఒక వేసవి అంతా, దాదాపు మూడు వందల తూటాలు కాల్చి, బ్యారెల్ పాడైందనుకున్నాను, తూటాలు మార్చాను, చివరికి నా చెయ్యే పనికిరాదనుకున్నాను. ఒకరోజు రేంజ్‌లో (తుపాకీ సాధన చేసే చోటు) ఒక పెద్దాయన నా రైఫిల్ తీసుకుని స్కోపు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపాడు. కింద బేసు (రింగులు కూర్చునే పలక) కదిలింది, కంటికి కనిపించేంతగా. ముందు స్క్రూలు రెండూ వేలితో తిరిగాయి. ఆ రోజు నా కోపం షాపు మీద కంటే నా మీదే ఎక్కువ, ఎందుకంటే వేసవి అంతా ఒక్కసారి కూడా రింగుల కింద చూడాలని నాకు తోచలేదు.

కాబట్టి ఇలా చేయండి. ముందు బోల్ట్ తీసేసి ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్ళతో చూసి, వేలు పెట్టి చూడండి. స్కోపు, రింగులు, బేసు అన్నీ విప్పండి. స్క్రూలకీ వాటి రంధ్రాలకీ ఫ్యాక్టరీ నూనె అంటుకుని ఉంటుంది, దాన్ని ఆల్కహాల్‌తో పూర్తిగా తుడవండి, ఆ జిడ్డు మీద ఎంత బిగించినా నెమ్మదిగా వదులవుతుంది. బేసు పెట్టినప్పుడు ఏ మూలా లేవకుండా అంటుకుని కూర్చోవాలి. బేసు స్క్రూలకి నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చిన్న చుక్క పెట్టండి, ఎర్రది వద్దు, అది వేడి చేస్తే గానీ ఊడదు. ఎంత బలంతో బిగిస్తున్నామో ఇంచ్-పౌండ్లలో చూపే టార్క్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనండి, ఈ పనిలో మీరు పెట్టే డబ్బుల్లో దానికంటే పనికొచ్చేది లేదు. రింగు మూతల స్క్రూలకి మామూలుగా 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు చాలు, మీ రింగుల కాగితంలో వేరే సంఖ్య ఉంటే అదే పాటించండి. చేతి బలంతో బిగిస్తే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది, గొట్టం నొక్కుకుంటే లోపల గీతల్ని జరిపే భాగం పట్టేస్తుంది, అప్పుడు మీరు గురి సరిచేసే నాబ్‌ని నాలుగు క్లిక్కులు తిప్పితే ఒకసారి రెండు కదులుతుంది, ఇంకోసారి ఆరు.

మూతలు పూర్తిగా బిగించే ముందు స్కోపుని ముందుకీ వెనక్కీ జరిపి చూసుకోవాలి. జూమ్ మొత్తం పెంచి, చలికాలం వేసుకునే కోటుతో, మీరు నిజంగా కాల్చే భంగిమలో కూర్చుని కళ్ళు మూసుకుని చెంప ఆనించి, తర్వాత కళ్ళు తెరవండి. అంచుల్లో నల్లటి నీడ లేకుండా నిండు వలయం కనిపించాలి. కనిపించకపోతే మెడ సాచకండి, స్కోపుని జరపండి. కంటికీ వెనక అద్దానికీ మధ్య మూడున్నర అంగుళాలు ఉండాలి, తక్కువైతే కాల్చిన దెబ్బకి వెనక్కి వచ్చి కనుబొమ్మ చీరేస్తుంది. తర్వాత రైఫిల్‌ని లెవెల్‌గా పెట్టి, దూరంగా ఒక దారానికి బరువు కట్టి వేలాడదీసి, నిలువు గీత ఆ దారం మీదకి వచ్చేలా తిప్పుకోండి. ఈ పని వదిలేసేవాళ్ళు చాలామంది. 100 గజాల దగ్గర తేడా తెలియదు, 300 దగ్గర పైకి సరిచేసినప్పుడల్లా గుండు పక్కకీ పోతుంటుంది, ఎందుకో అంతు పట్టదు.

మూతలు బిగించేటప్పుడు కారు చక్రం నట్లలా ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పుతూ రండి, రెండువైపులా సందు సమానంగా ఉండాలి. రైఫిల్‌ని చెక్కకి పట్టి ఉంచే యాక్షన్ స్క్రూలు కూడా చూడండి, అవి వదులైనా ఇదే రోగం. ఇంత చేశాక కూడా గురి తిరిగితే, మంచిదని తెలిసిన ఇంకో స్కోపు అడిగి తెచ్చుకుని పెట్టి కాల్చండి, అప్పుడు తేలిపోతుంది తప్పు స్కోపుదో రైఫిల్‌దో.

కొత్త స్కోపుకి జీరో చేయడం ఎలా? 100 గజాల దగ్గర కాలిస్తే కాగితం మీద అసలు పడటం లేదు. (జార్జియా)

జీరో చేయడమంటే అనుకున్న దూరంలో గుండు గీత చూపిన చోటే పడేలా స్కోపు సరిచేయడం. 100 దగ్గర మొదలుపెట్టకండి, 25 దగ్గర మొదలుపెట్టండి. బోల్ట్ తీసేసి, రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, బ్యారెల్ లోంచి వెనక నుంచి చూస్తూ లక్ష్యం మధ్యలో నిలపండి. తర్వాత రైఫిల్ కదలకుండా స్కోపు గీతల్ని అదే చోటుకి తిప్పండి. ఇప్పుడు ఒక గుండు కాలిస్తే కాగితం మీద ఎక్కడో ఒకచోట తప్పకుండా పడుతుంది.

లెక్క తేలికే. ఒక ఎంవోఏ (కోణం కొలత) అంటే 100 గజాల దగ్గర దాదాపు ఒక అంగుళం, చాలా స్కోపుల్లో ఒక క్లిక్కు అందులో నాలుగోవంతు. 25 గజాల దగ్గర ఆ క్లిక్కు అంగుళంలో పదహారో వంతే జరుపుతుంది. అంటే 25 దగ్గర రెండు అంగుళాలు కిందపడితే 8 క్లిక్కులు కాదు, 32 తిప్పాలి. చాలామంది ఇక్కడే తికమక పడతారు. స్కోపు బ్యారెల్‌కి ఒకటిన్నర అంగుళం పైన ఉంటుంది కాబట్టి .223లో 25 దగ్గర ముప్పావు అంగుళం కిందపడితేనే 100 దగ్గర మధ్యకి వస్తుంది.

100 దగ్గర మూడేసి గుండ్లు కాల్చి, ఆ మూడింటి మధ్య చూసి సరిచేయండి. ఒక్కో గుండుకి ఒక్కోసారి తిప్పుతుంటే ఎన్నటికీ కుదరదు. మూడు కాల్చాక బ్యారెల్‌ని చెయ్యి పెట్టగలిగేంతగా చల్లారనివ్వండి. సంచి మీద ఆనించేది ముందు చెక్కనే, బ్యారెల్‌ని కాదు. రెండు మూడు రకాల తూటాలు ఒక్కో పెట్టె తెచ్చి కాల్చి చూడండి, ఒకేరకం రైఫిళ్ళు రెండింటికి వేరువేరు తూటాలు నచ్చుతాయి. మీ రైఫిల్‌కి నచ్చింది తెలిశాక అదే లాట్ నంబర్‌వి కొన్ని పెట్టెలు కలిపి కొనేయండి.

కాయోటీల కోసమైతే .223ని 200 గజాలకి జీరో చేసుకోవచ్చు. 100 దగ్గర ఒకటిన్నర అంగుళం పైన పడుతుంది, 300 దగ్గర ఏడు అంగుళాల దాకా కింద. ఇవి సుమారు లెక్కలు, మీ తూటాతో ఆ దూరాల్లో కాల్చి రాసుకోండి. గాలి సంగతి మాత్రం మర్చిపోవద్దు. పక్క నుంచి గంటకి పది మైళ్ళ గాలి వీస్తే 55 గ్రెయిన్ల బుల్లెట్ 200 గజాలకే నాలుగు అంగుళాలు పక్కకి పోతుంది, ఆ గాలి మనకి చెంప మీద హాయిగా తగిలేంతే ఉంటుంది.

నేను గ్రీన్ కార్డు మీద ఉన్నాను, మా తమ్ముడు హెచ్-1బీ మీద. వాడికీ ఒక రైఫిల్ నా పేరుతో కొనిద్దామనుకుంటున్నాను. ఏమైనా ఇబ్బందా? (నార్త్ కరోలినా)

వద్దు. ఇది చిన్న ఇబ్బంది కాదు, ఫెడరల్ నేరం. డీలర్ దగ్గర ఫారం 4473 నింపేటప్పుడు నిజంగా కొంటున్నది మీరేనా అనే అడుగుతారు, ఇంకొకరి కోసం కొంటూ అవునని సంతకం పెడితే జైలుకి వెళ్ళే కేసు. గ్రీన్ కార్డు ఉన్న మీరు మీ కోసం కొనుక్కోవచ్చు, వయసు, ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్, మీ రాష్ట్రం నియమాలు అందరికీ ఉన్నట్టే మీకూ. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి మాత్రం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నిషేధం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటిలో ఎక్కువమందికి పనికొచ్చేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. రేంజ్‌కి సరదాగా తీసుకెళ్ళి తమ్ముడి చేతికి ఇవ్వడం కూడా ఆ నిషేధం కిందకే వస్తుంది. కేసు పడితే పోయేది వాడి వీసా, వాడి భవిష్యత్తు. ముందు వాడిని హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి లైసెన్సు తీసుకోమనండి, ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడమనండి, తర్వాత వాడి రైఫిల్ వాడే కొనుక్కుంటాడు.

కూరగాయల తోటని గ్రౌండ్‌హాగ్‌లు (బొరియలు తవ్వే ఉడత జాతి జంతువులు) నాశనం చేస్తున్నాయి, బీరపాదులు మొదలంటా కొరికేశాయి. చుట్టూ ఇళ్ళున్నాయి. చిన్న రైఫిల్ ఏదైనా చెప్పండి. (పెన్సిల్వేనియా)

చుట్టూ ఇళ్ళుంటే రైఫిల్ వద్దండి. పెన్సిల్వేనియాలో వేటాడేటప్పుడు మనుషులుండే భవనాలకి 150 గజాల లోపల, అక్కడివాళ్ళ అనుమతి లేకుండా తుపాకీ పేల్చకూడదు. మామూలు .22 గుండు కూడా మైలు పైనే పోగలదు, గట్టినేల మీద తగిలి ఎగిరిపోతుంది కూడా. ఖాళీ పొలం ఉన్న స్నేహితుడి దగ్గరైతే .17 హెచ్ఎంఆర్ అనే చిన్న తూటా రైఫిల్ సరిపోతుంది, ఆ సన్నటి బుల్లెట్ తగలగానే ముక్కలవుతుంది. ఏ తుపాకీ అయినా సరే, జంతువు వెనక మట్టిగట్టు ఉంటేనే కాల్చాలి, ఆకాశం కనిపిస్తుంటే ట్రిగ్గర్ మీద వేలే పెట్టకూడదు. మీ తోటకి మాత్రం కంచె వేయండి, అడుగున ఒక అడుగు లోతు భూమిలోకి, పైన కొస బయటికి వంచి.

అన్నయ్య గారూ, ఆయన పొలానికి రైఫిల్ కొంటానంటున్నారు. ఇంట్లో ఏడేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప ఉన్నారు. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. వద్దని చెప్పమంటారా? (టెక్సస్)

మీ భయం సరైనదే అమ్మా, దాన్ని ఎవరూ తేలిగ్గా తీసిపారేయకూడదు. వద్దని నేను చెప్పను, మేకలు పోతుంటే ఆయన బాధా నిజమే. కానీ ఇంట్లోకి రైఫిల్ రాకముందే గోడకి బోల్టులతో బిగించిన ఇనుప సేఫ్ రావాలి, ఈ క్రమం మారకూడదు. తూటాలు వేరేచోట, వేరే తాళంతో. బీరువా పైన, మంచం కింద, దుప్పట్ల వెనక పెట్టాం, పిల్లలకి తెలియదులే అనుకోవడం వద్దు, పిల్లలకి అన్నీ తెలుస్తాయి. టెక్సస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి తూటాలున్న తుపాకీ అందేలా వదిలేస్తే అది నేరం కూడా. బాబుకి ఇప్పుడే చెప్పండి, తుపాకీ కనిపిస్తే ముట్టుకోకుండా బయటికి వచ్చి పెద్దవాళ్ళని పిలవాలని, ఒక్కసారి కాదు, పదిసార్లు.

ఆయనతో పాటు మీరూ ఆ కోర్సుకి వెళ్ళండి, రేంజ్‌లో చెవులకి మఫ్‌లు పెట్టుకుని రెండు గుండ్లు కాల్చి చూడండి. మఫ్‌లు తప్పనిసరి, 140 డెసిబెల్స్ దాటిన మోత ఒక్కసారికే చెవిని పాడుచేయగలదు, .223 మోత దాన్ని దాటుతుంది. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి ఒక సౌకర్యం ఉంది, బోల్ట్ చేత్తో బయటికి వచ్చేస్తుంది, అది లేకుండా రైఫిల్ పేలదు. ఆయన పొలం నుంచి రాగానే రైఫిల్ సేఫ్‌లో పెట్టి, బోల్ట్ తీసి మీ చేతికి ఇవ్వాలని మాట తీసుకోండి. దాన్ని మీ తాళంలో మీరే దాచుకోండి, మళ్ళీ కావలసినప్పుడు ఆయన మిమ్మల్ని అడిగి తీసుకుంటారు.